మందుకు మళ్లీ మందేనా?

ప్రశ్న: సార్, మాది ఆదోని. మా తమ్ముడికి 26 ఏళ్లు. మూడేళ్ల కిందట పత్తి మిల్లులో బోరెం ఎత్తబోతే భుజం కీలు తప్పింది. అప్పుడు నొప్పికని రాసిచ్చిన టాపెంటడాల్ మాత్రలు, నొప్పి తగ్గాక కూడా చీటీ లేకుండానే కొని మింగడం మొదలుపెట్టాడు. రోజుకు పది, పదిహేను దాకా పోయింది. నా కమ్మలు కూడా తాకట్టుకు పోయాయి. పోయిన శ్రావణంలో ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గర ఒట్టు వేయించాం. తొమ్మిది రోజులు నిలబడ్డాడు. పదో రోజు కూలి డబ్బులు చేతికొచ్చాయి, మళ్లీ మామూలే. ఇప్పుడు నాలుగు నెలలుగా కర్నూలులో ఒక డాక్టరు నాలుక కింద పెట్టుకునే బుప్రినార్ఫిన్ బిళ్ల ఇస్తున్నారు. పనికి పోతున్నాడు, ఇంట్లో మనిషిలా ఉంటున్నాడు. కానీ అమ్మ "ఒగటి ఇడిసి ఇంగొగటి పట్టుకున్యాడు, ఆ బిళ్ల కూడా మానిపిచ్చు" అని రోజూ గొడవ. వాడికి ఎవరో మందు పెట్టారని ఆమె నమ్మకం. నాన్న తాగుతాడు. అయినా "నేను మాలేసుకుంటే నలభై ఒక్క రోజులు ముట్టను, వీడికి పట్టుదల లేదు" అంటాడు. మామ ఎక్కడి నుంచో ఒక పొడి తెచ్చి, తెలియకుండా ఇద్దరి అన్నంలోనూ కలపమంటున్నాడు. ఇంతలో తమ్ముడికి సంబంధం వచ్చింది. ఆ బిళ్ల ఎన్నాళ్లు వాడాలి? అది కూడా మత్తే కదా?
– ఒక అక్క, ఆదోని

జవాబు: అమ్మా, మీ ఉత్తరం పెద్దది, ఇక్కడ కుదించి ఇచ్చాను. అసలు ఉత్తరంలో "మందు" అన్న మాట పదకొండు సార్లు ఉంది. నాన్న తాగేది మందు. తమ్ముడు మింగింది మందు. డాక్టరు ఇచ్చేది మందు. మామ తెచ్చిన పొడి మందు. ఎవరో అన్నంలో పెట్టారని అమ్మ అనుమానపడేదీ మందే. మీ ఊరి చుట్టూ పత్తికి కొట్టేదాన్ని కూడా మందనే అంటారు. అంతెందుకు, ఈ జబ్బుకు మూలపురుషుడైన ఓపియంకు మన పెద్దలు పెట్టిన పేరు నల్లమందు. ఒకే మాట ఇన్ని పనులు చేస్తుంటే, ఇంట్లో ఒకరు చెప్పింది ఇంకొకరికి వేరేగా వినిపించడంలో వింత లేదు. మీ అమ్మగారి భయంలో సగం ఈ మాటలోనే ఉంది.

ముందు మీకు కావాల్సిన మూడు జవాబులు చెప్పేస్తాను. బిళ్ల ఆపవద్దు. పొడి ఎవరి అన్నంలోనూ కలపవద్దు. పెళ్లి ఇప్పుడు వద్దు. ఎందుకో చెప్పడానికి కొంచెం మెదడు సంగతి మాట్లాడుకోవాలి, ఓపిక పట్టండి.

నల్లమందు తీసే గసగసాల మొక్క పాలకూ మనిషి మెదడుకూ ఏమిటి సంబంధం? ఈ ప్రశ్న శాస్త్రవేత్తలను చాలాకాలం వేధించింది. 1973లో మెదడు కణాల మీద ఓపియం రకం మందులు వచ్చి కూర్చునే తావులున్నాయని తేలింది. వాటిని రిసెప్టర్లు అంటారు. ఎక్కడో పొలంలో పూసే మొక్క కోసం మన తలలో సీటు రిజర్వు చేసి ఉండదు కదా. రెండేళ్లకే, 1975లో, స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్‌లిట్జ్ పందుల మెదడు నుంచి ఆ సీటు అసలు యజమానిని బయటికి తీశారు. మన మెదడు తన నల్లమందును తానే కాస్త కాస్త తయారుచేసుకుంటుంది. ఎండార్ఫిన్లు అనేది ఆ కుటుంబానికి వాడుకలో ఉన్న పేరు. దెబ్బ తగిలినప్పుడు నొప్పిని తట్టుకోవడానికీ, పసిబిడ్డను ఎత్తుకుంటే మనసు నిమ్మళించడానికీ అవే ఆధారం.

టాపెంటడాల్ వెళ్లి కూర్చునేది ఆ తావుల్లోనే. ఇక అక్కడ ఏం జరుగుతుందో మన సీమ మనిషికి నీళ్ల లెక్కలో చెబితే తొందరగా అర్థమవుతుంది.

ఇంట్లో చిన్న చేదబావి ఉందనుకోండి. రోజుకు నాలుగు బిందెలు ఊరుతుంది, ఇంటికి అది చాలు. ఒకరోజు ఎవరో ట్యాంకరు తెచ్చి వాకిట్లో వదిలారు. నీళ్లు వీధి పారాయి. రోజూ ట్యాంకరు వస్తుంటే బావిని ఎవరు చూస్తారు? పూడిక పడుతుంది. వాడకం పెరిగి ఒక ట్యాంకరు చాలక రెండు, మూడు కావాల్సి వస్తుంది. ఒకనాడు ట్యాంకరు రాలేదు. అప్పుడు ఇంట్లో మిగిలేది మునుపటి నాలుగు బిందెలు కూడా కాదు. పూడిపోయిన బావి, పెరిగిపోయిన దాహం. పోలిక మోటుదే. డాక్టర్ల భాషలో అయితే, రోజూ వచ్చి పడే మందుకు ఆ రిసెప్టర్లు మొద్దుబారతాయి, కణాలు ఆ మందుకు ఎదురు పనిచేయడం నేర్చుకుంటాయి. మీ తమ్ముడు రెండు మాత్రల నుంచి పదిహేనుకు పోయింది సరదా పెరిగి కాదు. అదే ఫలితానికి అంత కావాల్సి వచ్చింది.

మాత్ర దొరకని రోజు వాడెలా ఉండేవాడో మీరు రాసిన రెండు వాక్యాలు ఏ పాఠ్యపుస్తకంలోనూ ఇంతకన్నా బాగా ఉండవు. "మే నెల ఎండలో దుప్పటి కప్పుకొని వణికేవాడు. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకొని, ఆవలింతల మీద ఆవలింతలు, కళ్లల్లో ముక్కులో నీళ్లు." మెదడు అడుగుభాగంలో నీలిరంగులో కనబడే చిన్న కణాల గుంపు ఒకటుంది. దాని లాటిన్ పేరుకు అర్థం కూడా నీలి చోటు అనే. ఒళ్లంతటినీ అప్రమత్తం చేసే నోరడ్రినలిన్ అక్కడి నుంచి వెళ్తుంది. ఓపియం రకం మందులు ఆ గుంపును నొక్కిపెట్టి ఉంచుతాయి. స్ప్రింగును నెలల తరబడి బొటనవేలితో నొక్కి, ఉన్నట్టుండి వేలు తీస్తే ఎలా ఎగిరిపడుతుందో, మాత్ర ఆగినప్పుడు అదీ అలాగే చెలరేగుతుంది. విరేచనాలు, ఒళ్లునొప్పులు, నిద్ర పట్టకపోవడం, గుండె దడ చాలావరకు అక్కడివే. దీన్ని కొంత చల్లార్చడానికే కొన్నిచోట్ల క్లోనిడిన్ అనే బీపీ మాత్ర ఇస్తారు.

ఈ బాధ ఎంత నరకంగా ఉన్నా, ఇలాంటి మాత్రలతో వచ్చేది వారం పది రోజుల్లో చాలావరకు సద్దుమణుగుతుంది. ఇక్కడే మీ ఉత్తరంలోని తొమ్మిది రోజులు నాకు ముఖ్యమనిపించాయి. స్వామి ముందు ఒట్టేసి మీ తమ్ముడు కష్టమైన భాగం దాటేశాడు. పట్టుదల లేనివాడు మూడో రోజే పడిపోయేవాడు. మీ నాన్నగారికి ఈ మాట వినిపించండి. మరి ఒళ్లు కుదుటపడుతున్న పదో రోజున ఎందుకు పడ్డాడు?

కూలి డబ్బు చేతికొచ్చింది, అందుకు.

డోపమైన్ అంటే ఆనందాన్నిచ్చే రసాయనమని వాట్సాప్‌లో తెగ తిరుగుతుంటుంది. అది అరకొర మాట. పొద్దున్నే బండి దగ్గర ఉగ్గాని కలుపుతూ పక్కన మిరపకాయ బజ్జీలు వేస్తుంటే, ఆ నూనె వాసనకే మన అడుగు అటు పడుతుంది. బజ్జీ ఇంకా నోట్లో పడలేదు, రుచి తెలియలేదు. ఆ అడుగు పడేలా చేసేది డోపమైన్. "బాగుంది" అనిపించడం వేరు, "కావాలి" అనిపించడం వేరు. మెదడులో వీటి దారులు పూర్తిగా ఒకటి కావు. వోల్ఫ్‌రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతులకు పండ్లరసం ఇస్తూ వాటి డోపమైన్ కణాలను గమనించాడు. మొదట్లో రసం నోట్లో పడినప్పుడు ఆ కణాలు చురుగ్గా పనిచేశాయి. రసం రాబోతోందని చెప్పే గుర్తుకు కోతి అలవాటు పడ్డాక, ఆ గుర్తు కనబడగానే చెలరేగి, రసం వచ్చినప్పుడు మామూలుగా ఉండిపోయాయి.

బజ్జీ విషయంలో ఈ ఏర్పాటు ముచ్చటగానే ఉంటుంది. టాపెంటడాల్ లాంటి మందులు మాత్రం డోపమైన్ కణాలకు బ్రేకులా ఉండే కణాలను నిద్రపుచ్చేస్తాయి. బ్రేకు లేని బండిలా డోపమైన్ పరుగెడుతుంది. ఆ పరుగు జరిగినప్పుడల్లా చుట్టూ ఉన్నవన్నీ దాంతో ముడిపడతాయి. మెడికల్ షాపు ఉన్న సందు, షీటులోంచి మాత్ర ఊడి వచ్చేటప్పటి చిటుక్కు, సాయంత్రం ఆరు గంటల వేళ, జేబులో కొత్తనోట్లు. కూలి డబ్బు చేతికిచ్చిన మేస్త్రికి ఏ పాపమూ తెలియదు. మీ తమ్ముడి మెదడుకు మాత్రం ఆ నోట్లే బజ్జీల వాసన. "వద్దు" అని చెప్పాల్సిన నుదుటి వెనకాల మెదడు వీళ్లలో నీరసపడి ఉంటుంది. తప్పని తెలుసు, ఏడుస్తూనే వెళ్తాడు. మీ అమ్మగారు "ఎవరో మందు పెట్టినారు" అనడంలో ఒక ముక్క నిజం లేకపోలేదు. వాడు తన వశంలో లేడన్నది ఆమె కళ్లారా చూసింది. కాకపోతే అందులో పక్కింటివాళ్ల చేయేమీ లేదు.

ఇక అసలు గొడవకు వద్దాం. బుప్రినార్ఫిన్ కూడా మత్తే కదా?

దాచిపెట్టి లాభం లేదు. అది కూడా నల్లమందు కుటుంబమే. గసగసాల మొక్కలో ఉండే ఒక పదార్థం నుంచే దాన్ని తయారుచేస్తారు, ఆ రిసెప్టర్ల మీదే కూర్చుంటుంది. తేడా దాని ప్రవర్తనలో ఉంది. అది సీటును గట్టిగా పట్టుకుంటుంది, కానీ పని సగమే చేస్తుంది. ఒక స్థాయి దాటాక మోతాదు పెంచినా మత్తు పెద్దగా పెరగదు. ఊపిరిని అణచివేయడం కూడా ఆ స్థాయి దగ్గరే చాలావరకు ఆగిపోతుంది. ఒక బిళ్ల పని రోజంతా, కొందరిలో ఇంకా ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి పొద్దున ఆకాశం, రాత్రి పాతాళం అన్న ఊగిసలాట ఉండదు. అది కూర్చున్నాక మీ తమ్ముడు టాపెంటడాల్ మింగినా దానికి చోటు దొరకదు, పెద్దగా ఏమీ తెలియదు. బావి లెక్కలోకి వస్తే ఇది ట్యాంకరు కాదు, రోజూ ఒకే వేళకు కొలిచి వదిలే కొళాయి. బావిలో పూడిక తీసుకోవడానికి ఇంటివాళ్లకు తీరిక దొరుకుతుంది.

ఈ గట్టిపట్టు వల్లే మొదటి బిళ్ల విషయంలో జాగ్రత్త కావాలి. ఒంట్లో పాత మాత్ర నిండుగా ఉండగా ఇది వేస్తే, దాన్ని సీటు నుంచి తోసేసి తాను కూర్చుంటుంది. మనిషి ఒక్కసారిగా విలవిల్లాడిపోతాడు. మొదటిరోజు డాక్టరు "ఏమీ వేసుకోకుండా రా, ఆవలింతలు మొదలయ్యాకే ఇస్తా" అని ఉంటారు. ఆయన కాఠిన్యం కాదది.

షుగరు మాత్ర రోజూ వేసుకోవడం లేదా, ఇదీ అంతే అని చెప్పడం మా డాక్టర్లకు అలవాటు. నాకు ఆ పోలిక అంతగా నచ్చదు. మీ అమ్మగారు తెలివైన మనిషి, వెంటనే పట్టేస్తుంది: "షుగరు మాత్ర ఆపితే ఎవురూ వణకరు గదా!" నిజమే. ఈ బిళ్ల ఠక్కున ఆపితే మీ తమ్ముడికి ఆ ఆవలింతలు, ఆ నొప్పులు మళ్లీ వస్తాయి. వాడి ఒళ్లు ఈ బిళ్లకు అలవాటుపడి ఉంది. ఒళ్లు అలవాటుపడటం ఒకటి, మనిషి బానిసవడం ఇంకొకటి. బానిసైనవాడు అబద్ధమాడతాడు, పని ఎగ్గొడతాడు, అక్క కమ్మలు తాకట్టు పెడతాడు, నష్టం కళ్లముందు కనబడుతున్నా ఆగలేడు. ఈ నాలుగు నెలల్లో ఇంట్లోంచి ఏదైనా పోయిందా? అమ్మగారిని ఈ ఒక్క ప్రశ్న అడగండి.

నా తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. ప్రాక్టీసు కొత్తలో ఒక కుటుంబం "ఇంకెన్నాళ్లు సార్" అని చెవినిల్లు కట్టుకొని పోరితే, కుర్రాడు బాగానే ఉన్నాడు కదా అని రెండు నెలలకే మోతాదు తగ్గించి ఆపేశాను. మూడు వారాలు తిరక్కుండానే వాడు పాత దారి పట్టాడు. పట్టినవాడు పాత లెక్కలోనే వేసుకున్నాడు. ఊపిరి అందక ఎమర్జెన్సీలో చేరాడు. బతికాడు కాబట్టి ఇవాళ ఇలా రాస్తున్నాను. మానేసిన కొద్ది వారాల్లో ఒళ్లు పాత తట్టుకునే శక్తిని పోగొట్టుకుంటుంది. ఒకప్పుడు పదిహేను మాత్రలు మింగి నడిచిన మనిషికి అందులో సగం కూడా ప్రాణం మీదికి రావచ్చు. బిళ్ల ఆపించాలనుకునే ప్రతి ఇంటివాళ్లకూ నేను మొదట చెప్పేది ఇదే.

పెద్ద లెక్కల్లోనూ ఇదే కనబడుతుంది. ఫ్రాన్స్‌లో 1996లో మామూలు డాక్టర్లు కూడా ఈ బిళ్ల రాయడానికి వీలు కల్పించారు. 1995 నుంచి 1999 మధ్య అక్కడ హెరాయిన్ లాంటివి ఎక్కువై చనిపోయేవాళ్ల సంఖ్య దాదాపు 80 శాతం తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో బుప్రినార్ఫిన్‌ను, ఇదే పనికి వాడే మెథడోన్‌ను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మన దేశంలోనూ సూదితో మత్తు ఎక్కించుకునేవాళ్లకు ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ చికిత్స కేంద్రాలు నడుస్తున్నాయి.

ఎన్నాళ్లు అంటే, ఏడాదిలోపు ఆపే ఆలోచన అసలు పెట్టుకోవద్దు. రెండేళ్లు, మూడేళ్లు, అంతకన్నా ఎక్కువ వాడేవాళ్లూ ఉన్నారు, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆపే రోజు వచ్చినప్పుడు కూడా నెలల మీద కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోవాలి, మధ్యలో తడబడితే మళ్లీ పెంచాలి. ఆ తేదీ వాడూ డాక్టరూ కూర్చొని అనుకోవాల్సింది. అమ్మా, నాన్నా, మామా ఓటేసి తేల్చేది కాదు.

బిళ్ల ఎలా వేసుకుంటున్నాడో ఒకసారి దగ్గరుండి చూడండి. చాలామంది ఇక్కడే పాడుచేసుకుంటారు. ముందు ఒక గుక్క నీళ్లతో నోరు తడుపుకోవాలి. బిళ్ల నాలుక కింద పెట్టుకొని కరిగేదాకా, ఐదు పది నిమిషాలు, కదలకుండా కూర్చోవాలి. మాట్లాడకూడదు, మింగకూడదు, టీ తాగకూడదు. మింగితే కడుపులోకి పోయి చాలావరకు వృథా అవుతుంది. పూర్తిగా కరిగాక నీళ్లు పుక్కిలించి మింగి, గంట ఆగాకే పళ్లు తోముకోవాలి. ఈ బిళ్లతో పళ్లు పుచ్చుతున్నాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2022లో హెచ్చరించింది, అందుకే ఈ పుక్కిలింత. మలబద్ధకం రావచ్చు. జొన్నరొట్టె, ఆకుకూర, నీళ్లు బాగా పెట్టండి. చెమటలు, తలనొప్పి కొందరిలో ఉంటాయి, డాక్టరుకు చెప్పాలి.

భయపడాల్సింది ఒకటుంది. ఈ బిళ్లతో పాటు సారాయో, బ్రాందీయో, అల్ప్రజోలం లాంటి నిద్రమాత్రలో కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చు. ఇందాక చెప్పిన హద్దు ఆ కలయికలో పనికిరాదు. లేపినా లేవని మత్తు, ఆగి ఆగి వచ్చే శ్వాస, నీలంగా మారిన పెదాలు, చుక్కంత అయిపోయిన కంటిపాప, వీటిలో ఏది కనబడినా పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే బిళ్లలు తాళం వేసిన పెట్టెలోనే ఉండాలి. పెద్దవాడికి మందైన ఒక్క బిళ్ల పసివాడి ప్రాణం తీయగలదు.

ఇప్పుడు నాన్నగారి మాల సంగతి. ఈ నలభై ఒక్క రోజుల విషయం నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది. ఊరంతా చూస్తూనే ఉంటాం కదా. రోజూ తాగేవాడు మాల మెళ్లో పడగానే ముట్టడు, మాల తీసిన రాత్రే సీసా తెరుస్తాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే మానేస్తాడు. ఆ నలభై ఒక్క రోజుల్లో ఏం మారుతుందో చూడండి. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నల్లబట్టలు, చెప్పుల్లేని నడక, వేరే స్నేహితులు, సాయంత్రం వైన్ షాపు వేళకు భజన. నిన్నటిదాకా "రాప్పా, ఒక పెగ్గేద్దాం" అన్నవాడు ఇవాళ "స్వామీ" అని చేతులు జోడిస్తాడు. నేను ఇందాక చెప్పిన నోట్లు, సందు, ఆరు గంటల వేళ లాంటివన్నీ ఒక్క దెబ్బకు చెదిరిపోతాయి. ఏ చికిత్సా కేంద్రమూ ఇంత చక్కటి ఏర్పాటు చేయలేదు. మాల తీయగానే అన్నీ తిరిగొస్తాయి, తాగుడూ వాటితోపాటే వస్తుంది. కాబట్టి ఆయన కొడుకుతో పోటీపడాల్సిన పని లేదు, ఇద్దరి జబ్బూ ఒక్క వంశంలోదే.

ఇంకొక సంగతి ఆయనకు ప్రత్యేకంగా చెప్పండి. మద్యం మెదడును శాంతపరిచే గాబా అనే రసాయనానికి బలమిస్తుంది, ఉద్రేకపరిచే గ్లూటమేట్‌ను అణుస్తుంది. ఏళ్లతరబడి పొద్దున్నుంచీ తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే ఈ త్రాసు తిరగబడుతుంది. చేతులు వణకడం, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, ఆ తర్వాత లేనివి కనబడి కలవరింతలు రావచ్చు. ఇది ప్రాణాంతకం. మాల వేసుకునే ముందు వారం ఆయన్ను కర్నూలు పెద్దాసుపత్రి మానసిక విభాగంలో చూపించండి. వణుకు రాకుండా కొన్ని రోజులు క్లోర్‌డయాజిపాక్సైడ్ లాంటి మందు, దాంతో పాటు బి1 విటమిన్ ఇస్తారు. ఆ తర్వాత కోరిక తగ్గించడానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ చేసి 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం, మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మిగతా 37 మంది ఇళ్లల్లో జరిగేది పొడులూ, ఒట్లూ, తిట్లే.

ఆ పొడిలో ఏముందో నాకు తెలియదు, మీ మామకూ తెలియదు. ఇలాంటి "తెలియకుండా మాన్పించే" మందుల్లో డైసల్ఫిరామ్ కలిపే అవకాశం ఉంది. దాని కథ తమాషాగా ఉంటుంది. 1940ల్లో కోపెన్‌హేగన్‌లో ఇద్దరు పరిశోధకులు కడుపులో నులిపురుగుల మందుగా దాన్ని పరీక్షిస్తూ తామే మింగి చూశారు. తర్వాత విందులో మద్యం పుచ్చుకోగానే మొహాలు ఎర్రబడి, గుండె దడ, వాంతి. మద్యం ఒంట్లో విరిగేటప్పుడు మధ్యలో వచ్చే విషపదార్థం ముందుకు పోకుండా ఈ మందు అడ్డుపడుతుందని అలా బయటపడింది. తెలిసి, ఒప్పుకొని, ఇంట్లో ఒకరు చేత్తో ఇస్తే వేసుకునేవాళ్లకు ఇది మంచి మందే. తెలియకుండా పెడితే మాత్రం, నాన్నగారు రోజూ తాగే క్వార్టరే గుండె మీదికి తేవచ్చు. డైసల్ఫిరామ్ ఆపాక కూడా రెండు వారాల దాకా ఈ ప్రమాదం ఉంటుంది. పడిపోయిన మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరుకు కారణం కూడా అంతుబట్టదు. పైగా ఒకనాడు తెలిసిపోతుంది. ఆ తర్వాత మీరు వడ్డించిన అన్నం ఆయన ఎలా తింటాడు? "మందు పెట్టారు" అన్న మాట అప్పుడు అక్షరాలా నిజమవుతుంది.

తమ్ముడి విషయంలో ఇంకా పెద్ద చిక్కుంది. పక్కవీధిలో ఎవరో తాగుడు మానడానికి నాల్‌ట్రెక్సోన్ వాడి బాగుపడ్డారని, ఆ మాత్ర ఒకటి తెచ్చి వీడికి ఇచ్చారనుకోండి. అది రిసెప్టర్లకు పూర్తిగా అడ్డం పడే మందు. బుప్రినార్ఫిన్ మీదున్న మనిషికి అది పడితే కొద్ది గంటల్లోనే ఘోరమైన బాధ మొదలవుతుంది. ఓపియం రకం ఏదైనా పూర్తిగా మానేసి కనీసం వారం పది రోజులు, బుప్రినార్ఫిన్ లాంటివైతే రెండు వారాల దాకా, గడిచినవాళ్లకే అది ఇవ్వాలి. రెండూ "మాన్పించే మందులే", అయినా ఒకటి సగం తలుపు తీస్తుంది, ఒకటి గొళ్లెం వేస్తుంది.

పెళ్లి గురించి నా అభిప్రాయం ముందే చెప్పాను. "పెళ్లి చేస్తే కుదురుకుంటాడు" అనే మాట మన ఊళ్లల్లో ఎంతమంది ఆడపిల్లల మెడకు చుట్టుకుందో. కొత్త కాపురం, అత్తగారింటి లాంఛనాలు, అప్పు, ఇవన్నీ నాలుగు నెలల మనిషి మీద పెట్టే బరువులు కావు. కనీసం ఏడాది పోనివ్వండి. అప్పుడు కూడా పెద్దలకు మాత్రమే కాదు, ఆ అమ్మాయికి ఈ సంగతి తమ్ముడే స్వయంగా చెప్పాలి. దాచి చేస్తే వాడు బిళ్లను బాత్రూంలో దొంగచాటుగా పెట్టుకోవాల్సి వస్తుంది, కొన్నాళ్లకు మానేస్తాడు. ఇది నేను చూసిందే.

ఊళ్లో తెలుస్తుందేమోనన్న భయం గురించి కూడా రాశారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద చికిత్స వివరాలు రహస్యంగా ఉంచాల్సిన బాధ్యత డాక్టరుది. ఎవరైనా "పట్టుకెళ్లి గొలుసులతో కట్టేసి మాన్పించే సెంటరు" ఉందని చెబితే ఆ వైపు పోకండి. గొలుసులు వేయడాన్ని ఆ చట్టమే నిషేధించింది. రాత్రివేళ ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416 టెలీ మానస్, మత్తు విషయానికే అయితే 14446, రెండూ ఉచితమే.

కూలి డబ్బుల విషయం మర్చిపోకండి. వాడు ఒప్పుకుంటే మిల్లువాళ్లు నేరుగా మీ బ్యాంకు ఖాతాలో వేసేట్టు చూడండి. ఖర్చులకు రోజూ వందో రెండొందలో మీరివ్వండి. పాత మెడికల్ షాపు సందు తప్పించి పనికి పోయే దారి ఇంకొకటి ఉంటే, రెండు ఫర్లాంగులు ఎక్కువైనా అదే మేలు.

ఈసారి కర్నూలుకు వెళ్లేటప్పుడు అమ్మను కూడా బస్సెక్కించండి. దాదాపు వంద కిలోమీటర్లు, మోకాళ్లు నొప్పులంటుంది, అయినా తీసుకెళ్లండి. "ఇది కూడా మత్తే కదా" అన్న ప్రశ్న ఆమెనే డాక్టరును అడగనివ్వండి, మీరు మధ్యలో అందుకోవద్దు. మామ తెచ్చిన పొడిని పొయ్యిలో వేసేయకండి. పొట్లం పొట్లంగానే సంచిలో పెట్టుకెళ్లి డాక్టరు బల్లమీద పెట్టండి.